మార్ఫిన్ మాత్ర మొదలైన రోజే విరేచనం మాత్ర కూడా

ముదిరిన క్యాన్సర్‌తో ఇంట్లో ఉన్న అమ్మకో నాన్నకో మార్ఫిన్ రాయగానే "ఇక చివరికొచ్చినట్టే" అని బెదిరి, నొప్పి భరించలేనప్పుడు మాత్రమే ఇచ్చే ఇళ్లు చాలా ఉన్నాయి. మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేసేది సుమారు 4 గంటలే. నొప్పి లేచాక వేస్తే దాన్ని దించడానికి ఎక్కువ మందు పడుతుంది. అందుకే గడియారం చూసి వేయాలి: 6, 10, 2, 6, 10. తెల్లవారుజామున 2కి లేపకుండా రాత్రి 10కి చాలామంది డాక్టర్లు రెట్టింపు రాస్తారు. మీ చీటీలో ఏముందో చూసుకోండి. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే అదనంగా ఎంత వేయాలో ముందే రాయించుకోండి. వేసిన ప్రతిసారీ టైము నోటుబుక్కులో రాస్తే, మోతాదు మార్చేటప్పుడు డాక్టరుకు అదే ఆధారం. చీటీలో ఎస్ఆర్ అని ఉంటే అది నెమ్మదిగా కరిగే రకం, నలిపి ఇవ్వకూడదు.

మగత రెండు మూడు రోజుల్లో, వికారం సాధారణంగా వారంలో సర్దుకుంటాయి. సర్దుకోనిది మలబద్ధకం. మార్ఫిన్ పేగుల కదలికను నెమ్మది చేస్తుంది, ఒంటికి అది ఎన్నాళ్లైనా అలవాటు కాదు. మొదటి రోజు నుంచే విరేచనం మాత్ర ఉండాలి. సాధారణంగా రాసేది బిసాకోడిల్ 5 మి.గ్రా., రాత్రికి ఒకటో రెండో. చీటీలో లేకపోతే అడగండి. ఇసబ్‌గోల్ మాత్రం వద్దు. నీళ్లు సరిగ్గా తాగలేని మనిషికి అది లోపల ముద్దకట్టి అడ్డుపడుతుంది.

చాలామంది మోసపోయేది ఇక్కడే: నాలుగు రోజులు ఏమీ లేక, ఉన్నట్టుండి కొంచెం కొంచెంగా నీళ్ల విరేచనం. గట్టిపడిన మలం పక్కనుంచి నీరు జారుతోందేమో. విరేచనాలు ఆపే మాత్ర వేస్తే ఇంకా బిగుస్తుంది. మూడు రోజులు విరేచనం కాకపోతే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. పొట్ట ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకపోతే పేగు మూసుకుపోయి ఉండొచ్చు. విరేచనం మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి.

నోరు ఎండిపోతే అర లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో అర చెంచా ఉప్పు, అర చెంచా వంటసోడా కలిపి పుక్కిలించమనండి. పుక్కిలించలేకపోతే మెత్తని నూలుగుడ్డ వేలికి చుట్టి, ముంచి, బాగా పిండి, బుగ్గల లోపల, నాలుక మీద తుడవండి. తడి ఎక్కువైతే పొలమారుతుంది. పెరుగు అంటుకున్నట్టు తెల్లమచ్చలుంటే అది ఫంగస్, మందు కావాలి.

ఆయాసానికి ముందు జనాన్ని బయటకు పంపి కిటికీ తీయండి. ఒళ్లో రెండు దిండ్లు పెట్టి వాటి మీదకు వాలేలా కూర్చోబెట్టి, విసనకర్రతో జానెడు దూరం నుంచి ముక్కు, బుగ్గల మీదకు విసరండి. ముఖానికి తగిలే ఆ చల్లగాలికే ఊపిరి తేలికైనట్టుంటుంది.

చేతులు కాళ్లు ఉలిక్కిపడుతుంటే, లేనివి కనిపిస్తున్నాయంటే కిడ్నీలు మందును బయటకు పంపలేకపోతున్నాయేమో. తర్వాతి మోతాదుకు ముందే డాక్టరుతో మాట్లాడండి. పిలిచినా లేవక, ఊపిరి నిమిషానికి 8 కన్నా తగ్గితే మార్ఫిన్ ఆపి అత్యవసర సాయం పిలవండి.

మార్ఫిన్ వీధి మెడికల్ షాపులో దొరకదు. 2014లో చట్టం సవరించాక గుర్తింపు పొందిన ఆసుపత్రులు దాన్ని ఉంచుకుని ఇవ్వడం సులువైంది. హైదరాబాదులో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి అలాంటిదే. ఐదు రోజుల మాత్రలు మిగిలుండగానే చీటీ, ఖాళీ స్ట్రిప్పులు పట్టుకుని బయల్దేరండి.