ఒక కంప్యూటర్‌లోనే మొరాయించే హార్డ్ డిస్క్

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ల్యాప్‌టాప్‌లో చక్కగా తెరుచుకుంటూ, డెస్క్‌టాప్‌కి పెడితే మాత్రం కనిపించడం లేదా? డిస్క్ పోయిందని అప్పుడే టెన్షన్ పడకండి. ముందు ఏ పోర్టులో పెట్టారో చూడండి. జేబులో పట్టే చిన్న డిస్కులకు విడిగా అడాప్టర్ ఉండదు, కరెంటు యూఎస్‌బీ నుంచే తీసుకుంటాయి. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, 3.0 అయితే 900. పైగా క్యాబినెట్ ముందు వైపు పోర్టుకి లోపల ఇంకో వైరు ఉంటుంది, దాంతో డిస్క్‌కి అందే కరెంటు ఇంకాస్త తగ్గొచ్చు. మా ఇంట్లో తేడా అక్కడే వచ్చింది. లైటు వెలుగుతోంది, చెవి దగ్గర పెట్టుకుంటే టిక్కు టిక్కుమని తిరగబోయి ఆగిపోతోంది. వెనక మదర్‌బోర్డుకే (కంప్యూటర్ ప్రధాన సర్క్యూట్ బోర్డు) ఉన్న నీలం రంగు 3.0 పోర్టులో, పొట్టి కేబుల్‌తో పెట్టాను. ఫోల్డర్లన్నీ వచ్చేశాయి!

అయినా రాకపోతే, విండోస్‌లో స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. డిస్క్ అక్కడ ఉండి డ్రైవ్ లెటర్ (D, E లాంటి అక్షరం) లేకపోతే, ఖాళీగా ఉన్న అక్షరం ఒకటి ఇస్తే సరిపోతుంది. ఫార్మాట్ చేయమని అడిగితే మాత్రం దయచేసి నొక్కకండి, డిస్క్‌లో ఉన్నవి పోతాయి. పనిచేస్తున్న ల్యాప్‌టాప్‌లో పెట్టి, ముందు పిల్లల ఫోటోలూ కాగితాలూ వేరే చోటికి కాపీ చేసుకోండి. ఆ టిక్కు టిక్కు శబ్దం ల్యాప్‌టాప్‌లోనూ వినిపిస్తే ఆ కాపీ ఈరోజే చేయండి.