క్రియాశీల గెలాక్సీలో కృష్ణబిలం బరువు కొలవడం ఎలా?

క్రియాశీల గెలాక్సీ అంటే నడిమిలోని కృష్ణబిలం వాయువును మింగుతూ ఉండటం వల్ల వెలిగే గెలాక్సీ. కావాల్సినవి: హెచ్-బీటా గీత (హైడ్రోజన్ వెలువరించే కాంతి గీత) ఉన్న స్పెక్ట్రమ్ (రంగులవారీగా విడదీసిన కాంతి), రెడ్‌షిఫ్ట్ (విశ్వం విస్తరించడం వల్ల తరంగదైర్ఘ్యం ఎంత సాగిందో), పైథాన్ ఉన్న ల్యాప్‌టాప్. స్లోన్ ఆకాశ సర్వే డేటా ఉచితం. మన బెంగళూరు దగ్గరి హొసకోటె నుంచి నడిపే లద్దాఖ్‌లోని హాన్లే టెలిస్కోప్ డేటా అయినా సరే.

1. ముందు మన పాలపుంత ధూళి వల్ల తగ్గిన కాంతిని సర్దండి. మన పాలపుంత ధూళి వల్ల తగ్గిన కాంతిని సర్దండి. కంటిన్యుయమ్‌నూ (గీతల కింద పరుచుకున్న నేపథ్య కాంతి), ఇనుము గీతల గుంపునూ తీసేయండి. ఇనుముకు ఐ జ్వికీ 1 గెలాక్సీ నుంచి తయారైన టెంప్లేట్ (నమూనా) వాడొచ్చు.

2. అసలు పని ఇక్కడుంది. హెచ్-బీటాలో రెండు గీతలు కలిసిపోయి ఉంటాయి. కృష్ణబిలం దగ్గర సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో తిరిగే వాయువుది వెడల్పు గీత. దూరంగా, వందల కిలోమీటర్ల వేగంతో కదిలే వాయువుది సన్న గీత. అది వెడల్పు గీత నెత్తిన కూర్చుంటుంది. దాన్ని తీయకుండా సగం ఎత్తులో వెడల్పు కొలిస్తే బరువు తక్కువొస్తుంది. ఎక్కువ తీసేస్తే ఉన్నదానికన్నా ఎక్కువొస్తుంది.

గీత వెడల్పు వాయువు వేగాన్ని చెబుతుంది, ఆ వేగం వర్గంగా లెక్కలోకి వస్తుంది. కాంతి సెకనుకు 10^44 ఎర్గ్‌లు, వెడల్పు సెకనుకు 4000 కిలోమీటర్లు అనుకుంటే బరువు దాదాపు 13 కోట్ల సూర్యులు. అదే 2000 అని కొలిచామా, మూడుంపావు కోట్లే!

అందుకే సన్న గీత వెడల్పును ప్రోగ్రామ్ ఇష్టానికి వదలకండి. పక్కనున్న 5007 ఆంగ్‌స్ట్రామ్ (తరంగదైర్ఘ్యం కొలత) ఆక్సిజన్ గీత వెడల్పుకే కట్టేయండి. ఆ గీతకు చాలాసార్లు నీలం వైపు తోక ఉంటుంది, దాన్ని కలుపుకోకుండా నడిమి భాగమే తీసుకోండి. 4959 గీత దానిలో మూడోవంతు ఉండాలి. సన్న హెచ్-బీటా సాధారణంగా 5007లో పదోవంతు దగ్గరుంటుంది. సగం దాకా వచ్చిందంటే ఫిట్ తప్పినట్టే అనుకుని మళ్లీ చూడండి. తీసేశాక మిగిలిన గీత శిఖరం మీద గుంట పడితే ఎక్కువ తీసేశారన్నమాట.

కై-స్క్వేర్ (ఫిట్ డేటాకు ఎంత దగ్గరగా ఉందో చెప్పే అంకె) బాగుందని సంబరపడితే చాలదు. ప్రతి ఫిట్‌నూ స్క్రీన్ మీద పెద్దది చేసి కళ్లతో చూడాల్సిందే. వందల గెలాక్సీలను ఆటోమేటిక్ కోడ్‌లో పడేసి, వచ్చిన అంకెలను పట్టికలో పెట్టేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. నెలల తరబడి కాంతి మార్పులు చూసి, గీత ఎంత ఆలస్యంగా స్పందిస్తుందో కొలిచే రివర్బరేషన్ పద్ధతి ఇంతకన్నా గట్టిది. కానీ అన్ని రాత్రుల టెలిస్కోప్ టైమ్ ఎవరిస్తారు?

3. 5100 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర, మొదట తీసేసిన కంటిన్యుయమ్ కాంతి కొలవండి, గెలాక్సీ నక్షత్రాల వాటా తీసేయండి. వెస్టర్‌గార్డ్, పీటర్‌సన్‌ల 2006 సూత్రంలో వేయండి: బరువు లాగరిథమ్ = 6.91 + 2 × లాగ్(వెడల్పు/1000) + 0.5 × లాగ్(కాంతి/10^44).

జవాబు పక్కన రెండు మూడు రెట్లు అటూ ఇటూ ఉండొచ్చని తప్పక రాయండి.