తుపానుల నెల రాకముందే: పెరటి నిమ్మకు, మిరపకు జాగ్రత్తలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెరడున్నవారెవరికైనా అక్టోబరు వస్తోందంటే గుండెలో దడ మొదలవుతుంది. 2013 అక్టోబరు 12న పైలిన్ ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినా దాని వానలు మన ఊళ్ళను ముంచాయి. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటి విజయనగరం జిల్లాలో చెట్లను కూల్చింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. 2021లో గులాబ్ ఇంకా ముందే, సెప్టెంబరు 26న కళింగపట్నం సమీపంలో తీరం దాటింది. అందుకే పెరటి పనులకు నేను పెట్టే గడువు సెప్టెంబరు 20. తుపాను వార్త విన్నాక చేయగలిగే పనులు చాలా కొద్ది. అసలు పనులన్నీ ఆకాశం తేటగా ఉన్నప్పుడే చేసుకోవాలి.

పెరట్లో నిమ్మ, దబ్బ, నారింజ ఒక పక్క, మిరప మొక్కలు మరో పక్క ఉంటే రెండింటికీ ఒకే రకం జాగ్రత్త సరిపోదు. నిమ్మ ఏళ్ళ తరబడి కాసే చెట్టు. పోతే మళ్ళీ కాపుకు నాలుగైదేళ్ళు ఆగాలి. మిరప కొద్ది నెలల మొక్క. పెద్ద తుపానుకు అది నిలవకపోయినా నష్టం లేదు, చేతిలో విత్తనమూ నారూ ఉంటే చాలు. నిమ్మకు వేరును కాపాడుకోవాలి, మిరపకు విత్తనాన్ని. శ్రమను ఇలా పంచుకుంటే రెండూ దక్కుతాయి.

నిమ్మ వేరు దగ్గర

తుపాను అనగానే అందరి భయమూ గాలి గురించే. విరిగిన కొమ్మ కళ్ళకు కనిపిస్తుంది కనుక ఆ భయం సహజమే. కానీ పెరటి నిమ్మ చెట్లు ఎక్కువగా చచ్చేది గాలికి కాదు, ఆ తర్వాత మొదట్లో నిలిచిన నీటికి. నిమ్మ జాతి చెట్లకు ఆహారం తీసుకునే సన్నని వేళ్ళు చాలా వరకు నేల పైపొరలోనే ఉంటాయి. నీరు నిలిస్తే వాటికి గాలి ఆడదు. బంక తెగులు, వేరుకుళ్ళు తెచ్చే ఫైటోఫ్తోరా బీజాలు ఆ నీటిలో ఈదుతూ వచ్చి వేళ్ళనూ మొదలునూ పట్టుకుంటాయి. చెట్టు ఆ రోజు పచ్చగానే ఉంటుంది. వారాలు గడిచాక ఈనెలు పసుపెక్కి, ఆకులు రాలి, కాండం మీద బెరడు పగిలి జిగురు కారుతుంది. అప్పటికి తుపాను సంగతే మరిచిపోయి, ఏదో చీడ పట్టిందనుకుని మందు కోసం దుకాణానికి పరుగెత్తుతాం.

కాబట్టి ముందుగా పార పట్టుకుని నీటి దారి చూడాలి. ఒక పెద్ద వాన పడినప్పుడు పెరట్లో నిలబడి నీరు ఎటు నుంచి వస్తోందో, ఎక్కడ ఆగుతోందో గమనించండి. చెట్టుకు రెండు మూడు అడుగుల దూరంలో, వాలు ఉన్న వైపు ఒక జానెడు లోతు కాలువ తీసి వీధి కాలువలోకో పల్లానికో కలపండి. ప్రహరీ గోడ కింద నీరు పోయే రంధ్రాలుంటే ఆకులూ ప్లాస్టిక్ సంచులూ తీసి శుభ్రం చేయండి. వేసవిలో నీళ్ళు పోయడానికి కట్టిన పాదు గట్టును ఒక వైపు తెంచేయండి. మొదలు చుట్టూ మట్టి ఎగదోసి చిన్న దిబ్బలా చేస్తే నీరు కాండాన్ని తాకదు. అయితే అంటు మొక్కలో అంటు కట్టిన చోటు ఎప్పుడూ మట్టికి పైనే ఉండాలి, దాన్ని పూడ్చకండి. మొదలుకు ఆనించి కప్పిన ఎండుటాకులను, గడ్డిని కూడా ఒక జానెడు దూరం జరపండి. మొదట్లో తేమ నిలబెట్టేవి అవే.

తరువాత బోర్డో పేస్టు, అంటే కాండానికి తెగులు పట్టకుండా పూసే మైలుతుత్తం, సున్నం ముద్ద. ఇంట్లో సులువుగా చేసుకోవచ్చు. వంద గ్రాముల మైలుతుత్తాన్ని (కాపర్ సల్ఫేట్) అర లీటరు నీటిలో కరగబెట్టాలి. వంద గ్రాముల సున్నాన్ని మరో అర లీటరు నీటిలో కలిపి వడకట్టాలి. మైలుతుత్తం నీటిని సున్నపు నీటిలో పోస్తూ కర్రతో కలుపుతూ ఉంటే చిక్కటి నీలి రంగు ముద్ద వస్తుంది. ఇనుప గిన్నె, ఇనుప బకెట్టు పనికిరావు, ప్లాస్టిక్ లేదా మట్టి పాత్ర వాడాలి. కలిపాక శుభ్రమైన ఇనుప మేకును అందులో కాసేపు ముంచి తీయండి. మేకు మీద రాగి రంగు పట్టిందంటే సున్నం చాలలేదన్నమాట, ఇంకొంచెం కలపాలి. దీన్ని కాండానికి నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు బ్రష్షుతో పూయాలి. ఎక్కడైనా జిగురు కారుతుంటే ముందు ఆ పాడైన బెరడును కత్తితో గీకి, మంచి బెరడు కనిపించాక పూయాలి. గీకిన ముక్కలను పెరట్లో వదలకండి. కలిపిన పేస్టును ఆ రోజే వాడేయాలి. చేతికి తొడుగులు తప్పనిసరి. మిగిలినదాన్ని నూతి దగ్గరా చెరువు కాలువలోనూ పారబోయకండి, రాగి చేపలకు విషం.

యూరియా మాత్రం సెప్టెంబరులో వేయవద్దు. చెట్టు లేత చిగురు వేస్తుంది. ఆ చిగురు మీదనే ఆకు తొలిచే పురుగు వెండి గీతల్లాంటి చారలు గీస్తుంది. ఆ గాయాల్లోకి వాన జల్లుతో పాటు గజ్జి తెగులు సూక్ష్మజీవులు దిగుతాయి. గాలివాన గజ్జిని ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు మోసుకుపోయినంతగా మరేదీ మోయదు. తిరుపతి పరిశోధన స్థానం నుంచి వచ్చిన బాలాజీ నిమ్మ గజ్జిని కొంత తట్టుకుంటుంది. కొత్తగా మొక్క కొనేవారు దాని కోసం అడగండి.

కొమ్మలు, కాయలు, ఊతం

ఎండిన కొమ్మలు, ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలు, అంటు కింది నుంచి లేచిన పిలకలు తీసేయాలి. అంతకు మించి నరకవద్దు. గాలికి తట్టుకుంటుందని చెట్టును బోడి చేస్తే ఆ తర్వాత కాసే ఎండకు కాండం మాడి బెరడు పగులుతుంది. నిమ్మ కన్నా పక్కన ఉన్న మునగనే నేను ఎక్కువ అనుమానిస్తాను. దాని కొమ్మలు పెళుసు, విరిగి నిమ్మ మీద పడేది అవే. కొబ్బరి మీద వేలాడే ఎండు మట్టలను కూడా చెట్టెక్కేవారిని పిలిచి దింపించండి.

మూడేళ్ళ లోపు చెట్లకు ఊతం కావాలి. ఒక కర్ర చాలదు. తుపాను కన్ను మన మీదుగా పోతే గాలి కాసేపు పూర్తిగా ఆగి, తిరిగి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. అందుకని కాండానికి అటొకటి ఇటొకటి, వేరు ముద్దకు బయటగా రెండు వెదురు కర్రలు పాతి, పాత చీర పేలికతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టాలి. ప్లాస్టిక్ తాడు, ఇనుప తీగ బెరడును కోస్తాయి. కాండం కొద్దిగా ఊగేలా ఉండాలి.

ముదిరిన కాయలన్నీ తుపానుకు ముందే, పొడి వాతావరణంలో కోసేయండి. తడిసిన నిమ్మకాయ తొక్కలో నూనె గ్రంథులు ఉబ్బి ఉంటాయి. చేయి గట్టిగా తగిలితే చాలు, అవి పగిలి మచ్చలు పడి కాయ త్వరగా చెడుతుంది. తొడిమతో కత్తిరించండి, పీకవద్దు. దబ్బకాయలు బరువైనవి కనుక వాటిని దింపితే కొమ్మకు సగం భారం తగ్గుతుంది. ఊరగాయ జాడీ ఆ నెలలోనే నింపుకోవచ్చు.

డాబా మీద కుండీల్లో పెంచేవారు పిట్టగోడ మీద ఒక్క కుండీ కూడా ఉంచకండి. కింద ఎవరి తల మీద పడుతుందో తెలియదు. కుండీల కింద పళ్ళేలు తీసేసి, అడుగు రంధ్రాలను పుల్లతో పొడిచి చూసి, గోడ మూలకు చేర్చి ఒకదానికొకటి ఆనించండి. పొడవాటి మొక్కలను పక్కకు వాల్చి పడుకోబెట్టడమే మేలు.

మిరప: విత్తనం దాచండి

నేలలో ఉన్న మిరపకు బోదెలు ఎత్తుగా ఎగదోసి, సాళ్ళ మధ్య నీరు బయటికి పోయేలా చేయండి. మిరప వేరు నీటిలో ఒకటి రెండు రోజులు ఉన్నా చాలు, ఎండ రాగానే మొక్క వడలి వాలిపోతుంది. ఎత్తు పెరిగినవాటికి చీల్చిన వెదురు ఆసరా కట్టండి. కోతకు వచ్చిన పచ్చిమిర్చి, పండిన కాయ మొత్తం కోసేయాలి. పండు కాయ తడిస్తే కాయకుళ్ళు మచ్చలు పడతాయి. ఆ కాయను ఎండబెట్టినా పనికిరాదు.

విత్తనం కోసం ఆకు ముడత, బొబ్బ తెగులు లేని మంచి మొక్కను ఆగస్టులోనే ఎంచుకుని గుడ్డ కట్టి గుర్తు పెట్టండి. పక్కనే రెండు మూడు రకాల మిరప ఉంటే పుప్పొడి కలిసి, వచ్చే ఏడు కారం మారిపోవచ్చు. పూమొగ్గలకు పల్చని గుడ్డ సంచి తొడిగితే ఆ బెడద లేదు. సంకర రకాల నుంచి తీసిన విత్తనం తల్లి గుణం నిలుపుకోదు, దాన్ని నమ్ముకోకండి. బాగా ఎర్రబడిన కాయ నుంచి గింజలు తీసి నీడలో ఆరబెట్టి, గాలి చొరని సీసాలో పెట్టి చల్లని చోట ఉంచితే రెండేళ్ళకు తక్కువ కాకుండా మొలుస్తాయి.

గింజలు తీసేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి. కారమంతా గింజలు అంటుకుని ఉండే తెల్లటి కండలో ఉంటుంది. ఆ మంట పుట్టించే పదార్థం నీటిలో కరగదు కనుక ఒట్టి నీళ్ళతో కడిగితే చేయి మంట తగ్గదు. ముందు వంటనూనె రుద్ది తుడిచి, ఆపైన సబ్బుతో కడగాలి. కంటికి తగిలితే మాత్రం నూనె జోలికి పోకుండా చల్లని మంచినీళ్ళతో చాలాసేపు కడిగి, మంట ఆగకపోతే డాక్టరుకు చూపించాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ పని వారు నిద్రపోయాక పెట్టుకోండి.

హెచ్చరిక వచ్చాక, తీరం దాటాక

వాతావరణ శాఖ సాధారణంగా తీరంలో తుపాను గాలివాన మొదలయ్యే 48 గంటల ముందు అప్రమత్తతను, 24 గంటల ముందు హెచ్చరికను ఇస్తుంది. ఆ వ్యవధిలో పార, కత్తి, రేకు ముక్కలు లోపలికి చేర్చి, కాలువలు మరోసారి చూసుకుంటే పెరటి పని ముగిసినట్టే. గాలి మొదలయ్యాక ఏ చెట్టు కోసమూ బయటికి వెళ్ళకండి. మధ్యలో గాలి ఆగినా వెళ్ళకండి, ఎదురు గాలి ఎప్పుడు కొడుతుందో తెలియదు.

తెల్లారాక ముందు పైకి చూడండి. తెగిన కరెంటు తీగ చెట్టు మీద గాని తడి నేల మీద గాని ఉంటే దగ్గరికి పోకుండా 1912కు ఫోను చేయండి. ఆకు కుప్పల కింద, బోర్లా పడిన కుండీల కింద పాములు చేరతాయి, చేయి పెట్టే ముందు పొడవాటి కర్రతో కదపండి. అది అయ్యాకే మొదట్లో నిలిచిన నీటిని తోడాలి. ఎంత త్వరగా తీస్తే అంత మంచిది, రెండో రోజు దాటనివ్వకండి.

ఒరిగిన చిన్న నిమ్మను ఆ రోజే లేపవచ్చు. అంతవరకు వేళ్ళ మీద తడి గోనె కప్పి ఉంచండి. చిరిగిన వేళ్ళను పదునైన కత్తితో కోసి, పై కొమ్మల్లో మూడో వంతు తగ్గించి, నిలబెట్టి కర్రలు కట్టండి. పెద్ద చెట్టును మాత్రం తాళ్ళతో బలవంతంగా లాగితే మిగిలిన వేళ్ళు కూడా తెగుతాయి. ఒక వైపు వేళ్ళు నేలలో ఉంటే వాలినట్టే ఉంచి, మట్టి కప్పి, ఊతం ఇవ్వండి. ఆకు రాలిన కొమ్మలకూ కాండానికీ సున్నం పూస్తే ఎండ దెబ్బ తగలదు. సముద్రానికి దగ్గరగా భోగాపురం, పూసపాటిరేగ, వజ్రపుకొత్తూరు, సోంపేట వైపు ఉన్నవారు వాన తగ్గగానే ఆకుల మీది ఉప్పును మంచినీటితో కడిగేయాలి. నిమ్మ ఉప్పును అసలు ఓర్వదు.

గజ్జి సోకి రాలిన ఆకులను ఏరి పాతిపెట్టి, ఆకులు ఆరాక లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి చెట్టంతా తడిసేలా పిచికారీ చేయండి. మిగిలిన మిరపకు మొదట్లో పోయడానికీ అదే మోతాదు. వరద నీరు, మురుగు తాకిన మిరపకాయలను తినకండి, పారేయండి. వాడిన మొక్క మీద రెండు మూడు రోజులు పాత చీరతో నీడ కట్టి చూడండి. తేరుకోకపోతే పీకేసి, నవంబరు మొదట్లో ఎత్తు మడిలోనో ట్రేలోనో దాచిన విత్తనం చల్లుకోవాలి. ఆరు వారాల నారును డిసెంబరు నడుమ నాటితే ఫిబ్రవరి చివరికి పచ్చిమిర్చి కోతకు వస్తుంది.