మీ చేలో ఏ ఫంగస్‌లు ఉన్నాయో మీరే చూసుకోండి

మొక్క వడలిందంటే చాలు, షాపుకెళ్లి "ఫంగస్ మందు ఇవ్వండి" అనడం మనకు అలవాటైపోయింది. ఏ ఫంగస్సో షాపాయన అడగడు, మనమూ చెప్పం, చేతికందింది ఇస్తాడు, తెచ్చి మొదళ్లలో పోసేస్తాం. నిజానికి మట్టిలో ఉండే ఫంగస్‌లలో తెగులు తెచ్చేవి కొన్నే. మిగతావాటిలో ఎండుటాకుల్నీ మోళ్లనీ కుళ్లబెట్టి ఎరువు చేసేవి ఉన్నాయి, వేళ్లలోకి దూరి మొక్కకు భాస్వరం, జింకు అందించేవి ఉన్నాయి, తోటి ఫంగస్‌నే చుట్టుకుని తినేసేవి కూడా ఉన్నాయి. ఇవన్నీ కలిసి ఉన్న చేలో తెగులు ఫంగస్‌కి తిండీ చోటూ అంత తేలిగ్గా దొరకవు. అందుకే మందు కొనేముందు చేలో ఎవరెవరున్నారో చూడమంటాను. దీనికి ల్యాబ్ అక్కర్లేదు, మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు, టిష్యూ పేపరు, ఒక భూతద్దం ఉంటే సరిపోతుంది. ఇక్కడ చెప్పేది వేరుశనగ, కంది వేసే మెట్ట చేల గురించి.

ముందు మట్టి. భూసార పరీక్షకు తీసినట్టు చేనంతా కలిపి తీస్తే ఇక్కడ పని జరగదు. మూడు చోట్ల విడివిడిగా తీయండి: మొక్కలు చచ్చిన చోట, అదే చేలో బాగున్న చోట, ఎప్పుడూ దున్నని గట్టు మీద. పైపొర గీకేసి జానెడు లోతులోపు, వేళ్ల చుట్టూ ఉండే మట్టి కావాలి. ఎరువు గానీ మందు గానీ వేసిన వెంటనే తీయొద్దు. ఎండలో ఆరబెట్టొద్దు, గుడ్డ సంచిలో నీడన పెట్టుకుని ఒకటి రెండు రోజుల్లో వాడేయండి.

ఇప్పుడు అన్నం డబ్బా. ఉప్పు వేయకుండా పొడిపొడిగా వండిన అన్నం చల్లారాక మూడు డబ్బాల్లో పలచగా పరిచి, ఒక్కో డబ్బాలో ఒక్కో మట్టిని చిటికెడు చల్లండి. నాలుగో డబ్బాలో ఏమీ చల్లొద్దు, గాలిలోంచి వచ్చి పడేది ఏమిటో అది చెబుతుంది. మూత పెట్టి నీడన ఉంచండి. రెండో రోజుకే బూడిదరంగు నూలుపోగులు, వాటి కొసల్లో నల్లచుక్కలు లేచి డబ్బా అంతా కమ్మేస్తే అది రైజోపస్, దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు. మూడు నాలుగు రోజులకు అసలు రంగులు బయటపడతాయి. తెల్లగా మొదలై ముదురాకుపచ్చ గుంపులుగా మారితే చాలావరకు ట్రైకోడెర్మా (తోటి ఫంగస్‌ని చుట్టుకుని తినేసేది ఇదే), నల్లటి మసిలా ఉంటే ఆస్పర్జిల్లస్ నైగర్, నీలం కలిసిన ఆకుపచ్చయితే పెనిసిలియం, తెలుపులో లేత గులాబీ ఛాయ ఉంటే ఫ్యుజేరియం కావచ్చు. పసుపు కలిసిన ఆకుపచ్చ కనిపిస్తే మాత్రం మూత తీయొద్దు. అది ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ కావచ్చు, వేరుశనగ గింజల్లో అఫ్లాటాక్సిన్ విషం తయారుచేసేది అదే. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయింది ఆ విషం ఉన్న వేరుశనగ పిండి తినే. పంట చివర్లో బెట్ట తగిలిన చేలలో దీని బెడద ఎక్కువ.

రంగు చూసి పేరు పెట్టడం ఎప్పుడూ ఉజ్జాయింపే. ఏ ఫంగస్ అని తేల్చాలంటే మైక్రోస్కోప్ కావాలి, లేదంటే డీఎన్ఏ పరీక్ష. మనకు ఇక్కడ కావాల్సింది తేడా. గట్టు మట్టి డబ్బాలో నాలుగైదు రకాలు లేచి, చచ్చిన చోటి డబ్బాలో ఒకటే రకం రాజ్యమేలుతుంటే అక్కడ మిగతా ఫంగస్‌లు తగ్గిపోయాయని అర్థమైనట్టే. జీవామృతంలో (పేడ, ఆవు మూత్రం, బెల్లం, పప్పుపిండి కలిపి పులియబెట్టే ద్రవంలో) గుప్పెడు గట్టు మట్టి వేయమనేది కూడా ఇందుకే, దున్నుడూ మందూ ఎరగని మట్టి కదా.

తెగులు సంగతి తేలాలంటే మొక్కనే అడగాలి. పూర్తిగా ఎండిపోయిన మొక్క పనికిరాదు, దాని మీద అడ్డమైన బూజూ చేరిపోతుంది, సగం వడలిన మొక్క పీకండి. కందిలో మొదలు నుంచి పైకి కాండం మీద ఊదారంగు చార కనిపించి, అక్కడ బెరడు గీకితే లోపల నల్లటి గీతలుంటే అది ఫ్యుజేరియం తెచ్చే ఎండు తెగులు. వేరుశనగలో లేతమొక్క మొదట్లో నల్లటి పొడి అంటుకుని విరిగిపోతే మొదలు కుళ్లు. ఎదిగిన మొక్క మొదట్లో తెల్లటి బూజు, దాని మీద ఆవగింజల్లాంటి గుండ్రటి గింజలు కనిపిస్తే స్క్లెరోషియం, అదే కాండం కుళ్లు. ఆ గింజలు మొదట తెల్లగా ఉండి తర్వాత గోధుమరంగుకి తిరుగుతాయి, మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. బెట్టలో వేరు బెరడు పీచుపీచుగా ఊడి లోపల నల్లటి సన్న చుక్కలుంటే మాక్రోఫోమినా, వేరుకుళ్లు. ఏదీ స్పష్టంగా లేకపోతే వేరుని కుళాయి కింద బాగా కడిగి ముక్కలు చేసి, తడి టిష్యూ పరిచిన డబ్బాలో మూడు రోజులు పెట్టి చూడండి. అప్పటికీ తేలకపోతే ఇంకో వడలిన మొక్కని వేరుమట్టితో సహా కృషి విజ్ఞాన కేంద్రానికి పట్టుకెళ్లండి.

అన్నం డబ్బాలో ఎప్పటికీ కనిపించని ఫంగస్ ఒకటుంది, మైకోరైజా. దీన్నే వ్యామ్ అంటారు. బతికున్న వేరు లేకపోతే ఇది పెరగదు. వేరు వెళ్లలేని చోటికి దాని దారాలు వెళ్లి భాస్వరం తెచ్చిపెడతాయి, బదులుగా మొక్క చక్కెర ఇస్తుంది. జొన్న, మొక్కజొన్న, కంది, వేరుశనగ, మిరప అన్నీ దీంతో జత కడతాయి. క్యాబేజీ, ఆవాలు మాత్రం కట్టవు. చేను చాలాకాలం ఏ మొక్కా లేకుండా బీడుగా ఉంటే ఇది తగ్గిపోతుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఎక్కువకాలం బీడు పెట్టిన నేలల్లో తర్వాతి పంట భాస్వరం, జింకు లోపంతో గిడసబారిపోవడానికి కారణం ఇదేనని తేల్చారు. మన దగ్గర వానలకు ముందే నవధాన్యాలు చల్లమంటున్నదానికి ఇదీ ఒక కారణం, నేలలో ఏదో ఒక వేరు బతికుండాలి. ఇక ఏటా బస్తాలకు బస్తాలు భాస్వరం ఉండే డీఏపీ ఎరువు పోస్తే మొక్కకి దీని అవసరమే ఉండదు, చక్కెర పెట్టడం తగ్గించేస్తుంది. కాబట్టి భూసార పరీక్షలో భాస్వరం ఎక్కువని వచ్చిన చేలో వ్యామ్ ప్యాకెట్టు కొనడం నా లెక్కలో డబ్బు దండగ, ముందు డీఏపీ తగ్గించండి.

ట్రైకోడెర్మా అలా కాదు, మనమే పెంచుకోవచ్చు. నీడలో 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి, పిడికిట బిగిస్తే ముద్ద కట్టాలి గానీ నీళ్లు కారకూడదు, అంత తడి చల్లి గోనెసంచులు కప్పండి. మధ్యలో ఒకటి రెండుసార్లు తిరగేసి తడి ఆరకుండా చూసుకుంటే వారం పది రోజుల్లో కుప్ప మీద తెల్లగా, ఆకుపచ్చగా బూజు పడుతుంది. అది ఒక ఎకరానికి, నేలలో పదును ఉన్నప్పుడు సాయంత్రం పూట చల్లండి. పచ్చి పేడలో మాత్రం కలపొద్దు, మాగేటప్పుడు పుట్టే వేడికి చచ్చిపోతుంది. కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి, గ్రాముకు కనీసం 20 లక్షల బతికున్న కణాలుండాలి. అనుమానంగా ఉంటే అదే అన్నం డబ్బాలో చిటికెడు పొడి చల్లండి, నాలుగైదు రోజుల్లో పచ్చబడకపోతే మీరు కొన్నది ఉత్త సుద్దపొడి. విత్తనానికైతే కిలోకి 10 గ్రాములు పట్టించవచ్చు. కార్బెండాజిమ్ అనే ఫంగస్ మందు పట్టించిన విత్తనానికి మాత్రం ఇది వద్దు, ఆ మందు ట్రైకోడెర్మాని కూడా చంపేస్తుంది.

దున్నే విషయంలో అందరికీ ఒకే మాట చెప్పేవాళ్లని నేను నమ్మను. మాటిమాటికీ దున్నితే మైకోరైజా దారాలు తెగిపోతాయి, నిజమే. కానీ ఆవగింజల స్క్లెరోషియం ఉన్న చేలో వేసవి లోతు దుక్కి చేసి ఆ గింజల్ని అడుగుకి తొయ్యాల్సిందే. కందిలో ఎండు తెగులుంటే జొన్నతో పంట మార్చండి, లేదా జొన్నని అంతర పంటగా వేయండి, తెగులు మొక్కల మోళ్లు చేలో వదలొద్దు. తట్టుకునే రకాలు ఎప్పటినుంచో ఉన్నాయి, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ నుంచి వచ్చిన మారుతి, ఆశ అలాంటివే.

పసుపు, అల్లం వేసేవాళ్లకి ఒక్క మాట. దుంపకుళ్లు తెచ్చే పిథియం అసలు ఫంగస్ జాతే కాదు, సముద్రంలో పెరిగే గోధుమరంగు నాచుకి దగ్గరి చుట్టం. అందుకే దానికి కార్బెండాజిమ్ పోసినా ఏమీ కాదు, మెటలాక్సిల్ లాంటివి పనిచేస్తాయి. వాటికంటే ముందు నీరు నిలవకుండా కాలువలు తీయాలి.

చూడడం అయిపోయాక డబ్బాల్ని ముక్కు దగ్గర పెట్టుకుని తెరవొద్దు. ఆరుబయట, మూతికి గుడ్డ కట్టుకుని, బ్లీచింగ్ పౌడర్ నీళ్లు పోసి ఒక రోజు ఉంచి, చేనుకి దూరంగా గొయ్యి తీసి పూడ్చేయండి. కోళ్లకి గానీ పశువులకి గానీ ఆ అన్నం అందకూడదు. ఆ డబ్బాలు మళ్లీ వంటింట్లోకి తేవద్దు.