నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రి అని ఆరోగ్య బీమా క్లెయిమ్ కొట్టేస్తే ఏం చేయాలి?

యాక్సిడెంట్ అయితే నెట్‌వర్క్ లిస్టు (బీమా కంపెనీతో ఒప్పందం ఉన్న ఆసుపత్రుల జాబితా) చూసుకుని ఆసుపత్రికి పోయేవాళ్లు ఎవరుంటారు? అనంతపురం దగ్గర హైవే మీద మా బావమరిది బండి స్కిడ్ అయినప్పుడు, సాయినగర్‌లో ముందు కనబడిన నర్సింగ్‌హోమ్‌లోనే చేర్చాం. కాలికి రాడ్డు వేశారు. బిల్లు మేమే కట్టి, కాగితాలన్నీ కంపెనీకి పంపాం. నెల తర్వాత లెటర్ వచ్చింది, క్లెయిమ్ తిరస్కరించామని.

ముందు ఆ లెటర్‌ను నిదానంగా చదవండి. ఆసుపత్రి నెట్‌వర్క్‌లో లేకపోతే క్యాష్‌లెస్, అంటే బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం, కుదరకపోవచ్చు. అంతేగానీ మామూలు పాలసీల్లో కట్టిన బిల్లును రీయింబర్స్‌మెంట్ కింద అడగొచ్చు. ఫోన్లో ఎవరో "నెట్‌వర్క్ కాదు సార్" అన్నారని ఊరుకోవద్దు. ఏ క్లాజు కింద కొట్టేశారో రాతపూర్వకంగా అడగండి.

మా లెటర్లో ఉన్న కారణం వేరు: 'ఆసుపత్రి నిర్వచనానికి సరిపోదు, 15 పడకలు లేవు' అని. పాలసీ పుస్తకం తీస్తే, జనాభా 10 లక్షల లోపు ఉన్న ఊళ్లో 10 పడకలు చాలని, అంతకు మించిన చోటే 15 కావాలని ఉంది. అనంతపురమే కాదు, కర్నూలు, కడప కూడా 10 లక్షల లోపువే. నర్సింగ్‌హోమ్‌లో 12 ఉన్నాయి. ఇక ఆ మాట కాగితం మీద కావాలి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ జిరాక్స్, పడకల సంఖ్య రాసి సీలు వేసిన లెటర్‌హెడ్ అడిగాం. రెండుసార్లు "డాక్టర్ గారు ఓటీలో ఉన్నారు, రేపు రండి" అన్నారు. మూడోసారి టిఫిన్ డబ్బాతో పోయి కూర్చుంటే అరగంటలో ఇచ్చారు.

కంపెనీ బ్లాక్‌లిస్టులో పెట్టిన ఆసుపత్రి అయితే కష్టమే. అప్పుడు కూడా ప్రాణాపాయం, యాక్సిడెంట్ కేసుల్లో రోగి పరిస్థితి నిలకడగా మారేదాకా అయిన ఖర్చు ఇవ్వాలి. చేర్చినప్పుడు రోగి ఎలా ఉన్నాడో డాక్టర్‌తో రాయించుకోండి.

తర్వాత కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) ఆఫీసర్‌కు ఈమెయిల్ పెట్టండి. ఒక్క పేజీ చాలు: పాలసీ నంబరు, క్లెయిమ్ నంబరు, వాళ్లు చెప్పిన కారణం, అది ఎందుకు తప్పో పాలసీలోని వాక్యంతో సహా. కోపం, కన్నీళ్లు అందులో పెట్టొద్దు. క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఆమోదం లేకుండా క్లెయిమ్ తిరస్కరించకూడదని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది కాబట్టి, ఆ ఆమోదం ఉందా అని కూడా అడగండి. రెండు వారాల్లో తేల్చకపోతే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్లో గానీ, 155255కు ఫోన్ చేసి గానీ ఫిర్యాదు నమోదు చేయండి.

అక్కడా పని కాకపోతే బీమా అంబుడ్స్‌మన్, అంటే ఇలాంటి తగాదాలు తేల్చే అధికారి. మన రాష్ట్రానికి ఆఫీసు హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఉంది. కంపెనీకి రాసి నెలైనా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు ఆన్‌లైన్లోనే ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా ఇప్పించే అధికారం ఉంది. విచారణ వీడియోలో కూడా జరుగుతుంది. అదే కేసు వినియోగదారుల కమిషన్‌లో నడుస్తుంటే మాత్రం వీళ్లు తీసుకోరు, కాబట్టి ముందు ఇక్కడికి రావడమే నయం. జిల్లా కమిషన్‌కు పోవడానికి రెండేళ్ల గడువు ఉంటుంది.

మాది అంతదాకా పోలేదు. పడకల లెటర్ పంపిన పదకొండో రోజు డబ్బు పడింది, గ్లౌజులకూ దూదికీ కోసుకుని.