పాత డైరీల్లో పేరు మాత్రమే మిగిలినవాళ్లని గుర్తుపట్టడం ఎలా

గురజాడ అప్పారావుగారి డైరీలు చదివేవాళ్లకి గిడుగు రామమూర్తిగారినో, విజయనగరం ఆనందగజపతి మహారాజునో ఎవరూ పరిచయం చెయ్యక్కర్లేదు. చిక్కంతా మిగతావాళ్లతోనే. అలాంటి పాత డైరీల్లో ఒక పేరు, పక్కన 'వచ్చాడు' అన్న మాట ఉంటాయి, అంతే. అచ్చువేసినవాళ్లు కింద 'వివరాలు తెలియవు' అని రాసి ఊరుకుంటే నాకు మనసొప్పదు. ఓ రచయిత పనిగట్టుకుని పేరు రాసుకున్న మనిషి ఆయన జీవితంలో ఎంతో కొంత లెక్కలోకి వచ్చినవాడే కదా. చాలామందిని పట్టుకోవచ్చు కూడా, వెతికే పద్ధతి తెలియాలి.

అన్నిటికన్నా ముందు, పేరుతో మొదలుపెట్టొద్దు. మనలో తాతపేరు మనవడికి పెడతారు కాబట్టి ఒకే ఇంటిపేరు, ఒకే పేరు యాభై అరవయ్యేళ్ల తేడాలో రెండుసార్లు కనిపిస్తాయి. దత్తత వెళ్తే ఇంటిపేరే మారిపోతుంది. అందుకని ఆ పేరు వచ్చిన ప్రతి చోటికీ ఒక చీటీ రాయండి. తేదీ, ఊరు, ఆ రోజు ఇంకెవరున్నారు, ఏం మాట్లాడుకున్నారు, 'గారు' ఉందా లేదా, అన్నీ అందులో ఉండాలి. చీటీలన్నీ తేదీల వరసలో పరిస్తే మనిషి ఆకారం కొంచెం కనిపిస్తుంది.

ఇలాంటి ఎంట్రీ ఒకటి ఉందనుకుందాం: 'మునసబుగారింట్లో సూర్యనారాయణ కలిశాడు. పర్లాకిమిడి నుంచి వచ్చాట్ట. అప్పీలు సంగతి మాట్లాడాం. రాత్రి రైలుకి మద్రాసు వెళ్తున్నాడు.' తేదీ చిరిగిపోయింది. సూర్యనారాయణలు కోకొల్లలు. అయినా కంగారు పడక్కర్లేదు, పేరు వదిలేసి మిగతాది చూడండి. విజయవాడ–కటకం రైలు లైను 1893–96 మధ్య వచ్చింది. విజయవాడ నుంచి మద్రాసుకి లైను పూర్తయింది 1899లో. అంతకుముందు అయితే విశాఖలోనో భీమిలిలోనో స్టీమరు ఎక్కడం మామూలు. కాబట్టి ఈ కాగితం చాలావరకు 1899 తర్వాతది. తర్వాత మునసబు. ఊరి పెత్తనం చూసే గ్రామ మునసబు వేరు, సివిల్ కోర్టు జడ్జి అయిన జిల్లా మునసబు వేరు. అప్పీలు మాట వచ్చింది కాబట్టి ఈ జిల్లా మునసబు అయ్యే అవకాశమే ఎక్కువ. ఆయన సర్కారు ఉద్యోగి, ఏ ఊళ్లో ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉన్నాడో మద్రాసు సర్కారు వేసిన ఫోర్ట్ సెయింట్ జార్జి గెజెట్‌లో దొరుకుతుంది. బదిలీలు, సెలవులు అందులో వేసేవారు. దాంతో ఎంట్రీ కాలం ఇంకా దగ్గరికి వస్తుంది.

ఇప్పుడు సూర్యనారాయణ. అతను వకీలైనా కావాలి, కక్షిదారైనా కావాలి, లేదా పర్లాకిమిడి జమీందారీ గుమాస్తా అయినా కావాలి. వకీలైతే మద్రాసు యూనివర్సిటీ క్యాలెండర్ తియ్యండి. పట్టా తీసుకున్నవాళ్ల పేర్లు సంవత్సరాల వారీగా ఉంటాయి. కక్షిదారైతే మద్రాసు హైకోర్టు తీర్పులు అచ్చువేసిన ఇండియన్ లా రిపోర్ట్స్ మద్రాసు సిరీస్ చూడండి. అన్ని కేసులూ అందులోకి ఎక్కవుగానీ, ఎక్కిన కేసులో వాది, ప్రతివాది, ఇరుపక్షాల వకీళ్లు, కింది కోర్టు అన్నీ ఉంటాయి. వీటిలో పాతవి చాలా ఆర్కైవ్.ఆర్గ్‌లో ఉన్నాయి. లేనివాటికి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్లాలి. సెర్చ్ చేసేటప్పుడు ఇంగ్లీషు స్పెల్లింగులన్నీ వేసి చూడండి. ఆ రోజుల్లో ఒకే మనిషి పేరుని ముగ్గురు గుమాస్తాలు మూడు రకాలుగా రాసేవారు.

ప్రసిద్ధుల పేర్లు వచ్చినప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. గురజాడవారి కాగితాల్లో 'శ్రీనివాస అయ్యంగార్' అని చూడగానే కొందరు మద్రాసు అడ్వకేట్ జనరల్ ఎస్. శ్రీనివాస అయ్యంగార్ దగ్గరికి వెళ్లిపోతారు. ఆయనకి ఆ పదవి వచ్చింది 1916లో, అప్పారావుగారు పోయింది 1915లో. విశాఖపట్నం మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ మాత్రం పక్కనే ఉన్నారు, వ్యావహారిక భాష కోసం అప్పారావుగారితో కలిసి పనిచేశారు. ఏ పేరుకైనా ముందు దగ్గరివాళ్లనే చూడాలి. బిరుదులూ పదవులూ కూడా అంతే. 1897లో ఆనందగజపతి పోయారు కాబట్టి, ఆ తర్వాతి పేజీలో 'మహారాజా' అంటే ఇంకొకరు. 'మహారాణి' అన్నచోట ఆనందగజపతి సోదరి, రీవా మహారాణి అప్పలకొండయాంబ కావచ్చు, సంస్థానంలోని ఇంకో రాణీగారూ కావచ్చు. తేదీ చూడకుండా తేల్చొద్దు. రావుబహద్దూర్ బిరుదు ఫలానా ఏడు వచ్చిందని తెలిస్తే, అంతకుముందు ఎంట్రీలో ఆ బిరుదుతో కనిపించే మనిషి ఆయన కాదు.

ఇంగ్లీషువాళ్లు తేలిగ్గా దొరుకుతారు. సర్కారు ఉద్యోగుల పేర్లుండే సివిల్ లిస్టులు, ఏటేటా వచ్చిన అసైలం ప్రెస్ ఆల్మనాక్, సమాధుల మీది రాతలతో జె.జె. కాటన్ 1905లో వేసిన పుస్తకం ఉన్నాయి.

ఆడవాళ్ల దగ్గరే అసలు కష్టం. డైరీలో 'వదిన', 'పెద్దమ్మాయి', 'ఫలానావారి భార్య' అని ఉంటుంది. గెజెట్‌లో వాళ్లు ఉండరు, యూనివర్సిటీ క్యాలెండర్‌లో ఏ ఒక్కరో. నేను ఆశ పెట్టుకునేది తర్పణాల మీద. తద్దినాలు పెట్టే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాతలతో పాటు తల్లి, నాయనమ్మ, ఆవిడ అత్తగారి పేర్లు కూడా గోత్రంతో సహా చెబుతారు. మహాలయ పక్షాల్లో మేనత్తలు, పినతల్లులు, అత్తమామలు కూడా వస్తారు. చాలా ఇళ్లలో ఈ పేర్లు ఒక నోటుబుక్‌లో రాసుకుని ఉంటారు. ఆ వంశంవాళ్లు దొరికితే వంశవృక్షం ఒక్కటే అడిగి ఊరుకోకండి, చాలా వంశవృక్షాల్లో మగపేర్లే ఉంటాయి. తర్పణాల నోటుబుక్ చూపించమని మర్యాదగా అడగండి. కాశీ, గయ వెళ్లినప్పుడు పండాల బహీల్లో, అంటే అక్కడి పురోహితుల ఖాతా పుస్తకాల్లో, రాయించిన పేర్లు కూడా పనికొస్తాయి. ఇవన్నీ నమ్మకంతో కాపాడుకునే కాగితాలు. వాళ్ల అనుమతి లేకుండా ఫోటో కూడా తియ్యొద్దు.

పాత ఉత్తరాలు కలిసొస్తే వాటిమీద తెలుగు సంవత్సరం పేరు ఉండొచ్చు. అరవై ఏళ్లకోసారి అదే పేరు వస్తుంది కాబట్టి, వికృతి అంటే 1890–91 అని రాసేముందు 1830 కాదని తేల్చుకోండి.

చివరికి నోట్ రాసేటప్పుడు మూడు మాటలు వేరువేరుగా వాడండి. రెండు వేరు వేరు కాగితాలు ఒకే మనిషిని చూపిస్తే 'ఫలానా' అని రాయొచ్చు. ఒక్క కాగితమే ఉండి, ఊరూ కాలమూ సరిపోతే 'బహుశా'. పేరు ఒక్కటే కలిస్తే 'తేలలేదు' అని రాసి, ఏయే చోట్ల వెతికారో కూడా చెప్పండి. తర్వాత వెతికేవాళ్లకి అది ఎంతో సాయం. 'తేలలేదు' అన్నవాళ్ల చీటీలు విడిగా ఒక కట్ట కట్టి దగ్గరే పెట్టుకోండి. కొత్త గెజెట్ సంపుటం చేతికొచ్చినప్పుడల్లా ముందు తియ్యాల్సింది ఆ కట్టే.