తరగతిలో స్లైడ్ రిమోట్ మొరాయించినప్పుడు

హనుమకొండలోని ఒక డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతూ కొన్నేళ్లుగా నేను వైర్‌లెస్ స్లైడ్ రిమోట్‌ను వాడుతున్నాను. బల్ల దగ్గరే నిలబడిపోకుండా వెనుక బెంచీల దాకా నడుస్తూ, విద్యార్థులు ఏం రాసుకుంటున్నారో చూస్తూ పాఠం చెప్పగలగడం ఉపాధ్యాయులకు చాలా విలువైన సౌకర్యం. అందుకే చిన్న కారణంతో రిమోట్ ఆగిపోయినప్పుడు దాన్ని పాడైందని పక్కన పడేయడం నాకు బాధ కలిగిస్తుంది. నాకూ, తోటి అధ్యాపకులకూ ఎదురైన సమస్యలను వాటి కారణాలతో సహా ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చేయవలసిన పరీక్ష

రిమోట్‌తో వచ్చే చిన్న యూఎస్‌బీ రిసీవర్‌ను కంప్యూటర్ ఒక కీబోర్డుగానే గుర్తిస్తుంది. చాలా మోడళ్లలో ముందుకు బటన్ నొక్కితే పేజ్ డౌన్, వెనుకకు బటన్ నొక్కితే పేజ్ అప్ నొక్కినట్టు లెక్క. తెరను నల్లగా మార్చే బటన్ చుక్కనో బి అక్షరాన్నో పంపుతుంది. అందువల్ల స్లైడ్ కదలనప్పుడు ముందుగా ల్యాప్‌టాప్ కీబోర్డు మీదనే పేజ్ డౌన్ నొక్కి చూడాలి. దానికీ కదలకపోతే లోపం తెర మీద నడుస్తున్న ప్రోగ్రాములో ఉన్నట్టు. దానికి కదిలి, రిమోట్‌కు మాత్రమే కదలకపోతే సెల్లులనూ రిసీవర్‌నూ అనుమానించాలి. ఇంకా సందేహం ఉంటే నోట్‌ప్యాడ్ తెరిచి నల్లతెర బటన్ నొక్కండి. చుక్క గానీ అక్షరం గానీ పడితే రిమోట్ నిక్షేపంగా ఉన్నట్టే. తెలుగు కీబోర్డు ఎంపికై ఉంటే బి స్థానంలో తెలుగు అక్షరం పడవచ్చు కాబట్టి, ఈ పరీక్షకు ముందు ఇంగ్లీషుకు మార్చుకోవడం మంచిది.

ఎంత నొక్కినా స్లైడ్ కదలడం లేదు

ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు (తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ తెరలు) వచ్చిన తరువాత ఈ ఫిర్యాదు ఎక్కువగా వింటున్నాను. స్లైడ్లు ల్యాప్‌టాప్‌లో ఉంటాయి, హెచ్‌డీఎంఐ తీగ ద్వారా ప్యానెల్ మీద కనిపిస్తాయి, రిసీవర్‌ను మాత్రం చేతికి అందిందని ప్యానెల్ పక్కనున్న పోర్టులో పెడతారు. హెచ్‌డీఎంఐ తీగ బొమ్మనూ శబ్దాన్నీ మోస్తుంది తప్ప రిసీవర్ పంపే కీలను ల్యాప్‌టాప్‌కు చేర్చదు. స్లైడ్లు ఏ యంత్రంలో నడుస్తున్నాయో రిసీవర్ ఆ యంత్రంలోనే ఉండాలి. ప్యానెల్‌లో ఆండ్రాయిడ్‌తో పాటు లోపల విడిగా అమర్చిన కంప్యూటర్ కూడా ఉంటే, ఏ పోర్టు దేనికి చెందినదో ముందుగానే పెట్టి చూసుకోవాలి.

రెండవ కారణం, స్లైడ్‌షో కాకుండా వేరే విండో ముందుకు రావడం. ఆన్‌లైన్ తరగతిలో జూమ్ చాట్‌ను తాకినా, మధ్యలో ఏదైనా సందేశపు పెట్టె తెరుచుకున్నా, రిమోట్ నొక్కే కీలన్నీ అక్కడికే వెళతాయి. ఆల్ట్ పట్టుకుని ట్యాబ్ నొక్కి స్లైడ్‌షోకు తిరిగి వస్తే సరిపోతుంది. రిమోట్ పక్కన చిన్న స్విచ్ ఉంటే అది ఆన్‌లో ఉందో లేదో చూడటం, సెల్లులు రెండింటినీ ఒకేసారి మార్చడం ఎలాగూ చేయవలసినవే.

దగ్గర ఉంటే పనిచేస్తుంది, నాలుగు అడుగులు వెనక్కి వేస్తే ఆగిపోతుంది

ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టేది ఇదే, ఎక్కువ మంది పొరపాటుగా అర్థం చేసుకునేదీ ఇదే. లాజిటెక్ ఆర్400 వంటి సాధారణ రిమోట్‌కు తయారీదారు చెప్పే దూరం సుమారు 15 మీటర్లు. అది అడ్డంకులు లేని చోట అందే దూరం. మన తరగతి గదుల్లో కంప్యూటర్ డబ్బా తరచుగా ఇనుప బీరువాలాంటి పోడియం లోపల, తాళం వేసి ఉంటుంది. రిసీవర్ ఆ డబ్బా వెనుక, గోడకు ఆనుకుని ఉంటుంది. ఇలా ఇనుము చుట్టూ కప్పేసిన చోటికి రేడియో తరంగాలు చేరడం కష్టం. మనిషి దేహంలోని నీరు కూడా ఈ తరంగాలను కొంత పీల్చుకుంటుంది కాబట్టి, పోడియం వైపు వీపు పెట్టి, రిమోట్‌ను పొట్టకు ఆనించి పట్టుకుంటే దూరం మరింత తగ్గుతుంది.

వీటికి తోడు యూఎస్‌బీ 3.0 చేసే ఇబ్బంది ఒకటుంది. చాలా రిమోట్లు 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం దగ్గర పనిచేస్తాయి. యూఎస్‌బీ 3.0 పరికరాలు డేటాను పంపేటప్పుడు వెలువడే రేడియో రొద సరిగ్గా ఆ పౌనఃపున్యాల్లోనే పడుతుందని ఇంటెల్ సంస్థ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. పాఠాలున్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ను నీలిరంగు (యూఎస్‌బీ 3.0) పోర్టులో పెట్టి, పక్క పోర్టులోనే రిసీవర్‌ను పెడితే, ఆ రొదలో రిమోట్ బలహీనమైన సంకేతం వినిపించకుండా పోతుంది. నా తరగతిలో నెల రోజుల పాటు సెల్లులు మార్చుకుంటూ కూర్చున్న తరువాత అసలు కారణం ఇదని తెలిసింది.

ఇనుప పోడియానికైనా, యూఎస్‌బీ 3.0 రొదకైనా మందు ఒకటే. మీటరు పొడవున్న మామూలు యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ తీగను కొని, రిసీవర్‌ను పోడియం పైకి, విద్యార్థుల వైపు కనిపించేలా తీసుకురావాలి. కొత్త రిమోట్ కొనే ముందు ఈ తీగతో ప్రయత్నించమని నేను గట్టిగా చెబుతాను. మొబైల్ హాట్‌స్పాట్ కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లో నడుస్తుంటే ఆ ఫోన్‌ను రిసీవర్ పక్కన పెట్టవద్దు. వీలుంటే హాట్‌స్పాట్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి.

ఒకసారి నొక్కితే రెండు స్లైడ్లు దాటుతున్నాయి, లేదా వాటంతటవే మారుతున్నాయి

నొక్కినప్పుడే రెండేసి దాటితే, బటన్ కింది స్విచ్ అరిగి ఒక్క నొక్కుడునే రెండుగా పంపుతున్నదని భావించవచ్చు. పైన చెప్పిన నోట్‌ప్యాడ్ పరీక్షను స్లైడ్ బటన్‌తో చేయాలంటే, పొడవైన ఫైలు తెరిచి ఒక్కో నొక్కుడుకు ఎన్ని పేజీలు జరుగుతున్నాయో చూడాలి. అరిగిన స్విచ్‌ను ఎలక్ట్రానిక్స్ మరమ్మతు దుకాణంలో మార్పించవచ్చు.

నొక్కకుండానే మారుతుంటే పవర్‌పాయింట్‌లో ట్రాన్సిషన్స్ ట్యాబ్ తెరిచి, ఆఫ్టర్ అనే పెట్టెలో టిక్కు ఉంటే తీసేసి, అన్ని స్లైడ్లకూ వర్తింపజేయాలి. ఇతరులు ఇచ్చిన ఫైళ్లలో ఈ టిక్కు తరచుగా కనిపిస్తుంది. ఒకసారి ఆ టిక్కు లేకపోయినా నా స్లైడ్లు పాఠం మధ్యలో ముందుకు పోయాయి. అంతకు ముందు గంటలో పాఠం చెప్పిన అధ్యాపకుడు తన రిసీవర్‌ను ఆ కంప్యూటర్‌లోనే మరిచి, పక్క గదిలో రిమోట్ నొక్కుతున్నారు. గోడ ఈ సంకేతాన్ని పూర్తిగా ఆపలేదు.

లేజర్ చుక్క కనిపించడం లేదు

ప్రొజెక్టర్ తెర కాంతిని అన్ని వైపులకూ వెదజల్లుతుంది కాబట్టి చుక్క అందరికీ కనిపిస్తుంది. ఎల్‌ఈడీ ప్యానెల్ తానే వెలుగుతుంది, దాని అద్దం లేజర్‌ను ఒక దిక్కుకే తిప్పి కొడుతుంది. అది పిల్లల కళ్లలో పడే ప్రమాదం ఉంది కనుక ప్యానెల్ మీద లేజర్ వాడకండి. పవర్‌పాయింట్ స్లైడ్‌షోలో కంట్రోల్ పట్టుకుని ఎల్ నొక్కితే మౌస్ బాణం ఎర్రని చుక్కగా మారుతుంది. ఆన్‌లైన్‌లో వినేవారికి కూడా అదే కనిపిస్తుంది. ప్రొజెక్టర్ తెర ఉన్నచోట కూడా 1 మిల్లీవాట్‌కు మించని, క్లాస్ 2 (Class 2) అని ముద్రించిన లేజర్‌నే వాడాలి.

సెలవుల తరువాత అసలు వెలగడం లేదు

ఎండాకాలం సెలవులకు రిమోట్‌ను సెల్లులతో సహా సొరుగులో వదిలేస్తే, జూన్‌లో తీసేసరికి స్ప్రింగుల మీద తెల్లని పొర పేరుకుని ఉండవచ్చు. ఆల్కలైన్ సెల్లుల నుంచి కారిన క్షారం గాలి తగిలి అలా గడ్డకడుతుంది. సెల్లులు తీసి, దూది పుల్లకు రెండు చుక్కల నిమ్మరసం అద్ది పొర కరిగే దాకా తుడిచి, తరువాత కొద్దిగా తడిపిన దూదితో, ఆ తరువాత పొడి గుడ్డతో తుడవాలి. ఆ పొరను వట్టి చేత్తో తాకకూడదు. పూర్తిగా ఆరాక కొత్త సెల్లులు వేస్తే, స్ప్రింగు తినేయబడనంత వరకు రిమోట్ మళ్లీ వెలుగుతుంది. ఏప్రిల్‌లో చివరి పాఠం అయిన రోజే సెల్లులు తీసి, రిసీవర్‌ను రిమోట్ అడుగున దాని అరలో దాచండి, ఎందుకంటే చాలా మోడళ్లలో పోయిన రిసీవర్‌కు బదులు మరొకటి కలవదు.